చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం

పోయిన ఎండాకాలం ఒక రాత్రి పదకొండింటికి మా అమ్మాయి ఫోన్ చేసింది. గొంతు వణుకుతోంది. "అమ్మా, బాబుకి పొద్దుటి నుంచి తొమ్మిదిసార్లు అయింది. అచ్చం నీళ్ళే. అత్తయ్యగారేమో కడుపు ఖాళీగా ఉంచు, కాసేపు పాలు కూడా పట్టకు, అదే కట్టుకుంటుంది అంటున్నారు. ఏం చెయ్యను?"

వాడికి పద్నాలుగు నెలలు.

"ఇంట్లో ఓఆర్ఎస్ పాకెట్ ఉందా?" అన్నాను. ఉందిట. ఫోన్ పట్టుకునే కలిపించాను. "గ్లాసుతో పట్టకు. చెంచాతో, కొంచెం కొంచెంగా పట్టు. కక్కితే ఖంగారు పడకు, పది నిమిషాలు ఆగి మళ్ళీ మొదలుపెట్టు. నీ పాలు మాత్రం ఆపొద్దు. తెల్లారగానే డాక్టరుకి చూపించు," అన్నాను.

తెల్లవారుజామున మళ్ళీ ఫోన్. "ఒంటేలు పోశాడమ్మా!" అంది. మనవడు ఒంటేలు పోశాడని విని ఒక అమ్మమ్మ వంటింట్లో నిలబడి ఏడ్చిందంటే బయటివాళ్ళకి నవ్వొస్తుందేమో కానీ, పిల్లల్ని పెంచిన మీకు రాదు.

ఆ ఏడుపు పూర్తిగా మనవడి కోసమే కాదు. అందులో మా నాయనమ్మకి నేను బాకీ పడిన ఒక జవాబు కూడా ఉంది. ఈ వ్యాసం ఆ జవాబే.

మా నాయనమ్మకి ఏడుగురు పుడితే నలుగురు దక్కారు. ఆ రోజుల్లో అది వింతేమీ కాదు. పోయినవాళ్ళలో నాలుగేళ్ళ పిల్ల ఒకతి ఉండేది. ఒకరోజు సాయంత్రం మొదలైన విరేచనాలు రాత్రంతా ఆగలేదట. పిల్ల "నీళ్ళు, నీళ్ళు" అని అడుగుతూనే ఉందట. "నీళ్ళు పోస్తే ఇంకా పోతాయి, చుక్క కూడా ఇవ్వొద్దు" అన్నారట పెద్దవాళ్ళు. తడిగుడ్డతో పెదాలు తుడవడం తప్ప ఆవిడ ఇంకేమీ చెయ్యలేకపోయింది. తెల్లారేసరికి పిల్ల అడగడం మానేసిందట.

నాకు ఊహ తెలిసినప్పటి నుంచి మా ఇంట్లో ఏ పిల్ల పడుకున్నా ఆ మంచం పక్కన మూతపెట్టిన చెంబు ఉండేది. ఎవరికి ఒంట్లో బాగోకపోయినా నాయనమ్మ ఎవరికీ చెప్పకుండా ఉప్పేసిన పల్చటి గంజి తెచ్చి తాగించేది. మా తాతయ్య కోప్పడినా వినేది కాదు. ఎందుకో మాకప్పుడు తెలియదు.

మా పెద్దమ్మాయికి ఏడాది నిండకముందు ఒకసారి ఇలాగే అయితే, మా ఊరి నర్సమ్మ ఓఆర్ఎస్ పాకెట్ ఇచ్చి ఎలా కలపాలో చూపించింది. నాయనమ్మ అప్పటికి డెబ్బై దాటింది. ఆ గ్లాసు వంక చాలాసేపు చూసి, "ఇది నీళ్ళేగా?" అంది. "అవును నాయనమ్మా, ఉప్పూ పంచదార నీళ్ళే. ఎంత పోతే అంత పోస్తూ ఉండాలట" అన్నాను. "అయితే ఆనాడు దానికి నీళ్ళిచ్చుంటే బతికేదంటావా?" అంది.

అప్పుడు నా వయసు ఇరవై మూడో నాలుగో. చంకలో పిల్ల, పొయ్యి మీద పాలు. ఆలోచించకుండా, "ఇవ్వాల్సింది నాయనమ్మా" అనేశాను.

ఆవిడ ఇంకేమీ అడగలేదు. ఆ తర్వాత ఆరేళ్ళకి పోయింది. ఆ మాట మాత్రం నన్ను వదల్లేదు. పిల్లల చదువులూ పెళ్ళిళ్ళూ అయి కాస్త తీరిక దొరికాక, ఈ ఉప్పు పంచదార నీళ్ళు ఎక్కడి నుంచి వచ్చాయో, ఎవరు కనిపెట్టారో, మా నాయనమ్మకి ఎందుకు అందలేదో చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ నేనన్న మాట ఎంత తప్పో అర్థమైంది.

మొదట తెలిసిన సంగతి, కడుపు మాడ్చడం మన పెద్దవాళ్ళ మూఢత్వం మాత్రమే కాదు. పెద్ద పెద్ద డాక్టర్లు కూడా ఇరవయ్యో శతాబ్దం సగం దాటేదాకా అదే చెప్పేవారు. పేగులకి విశ్రాంతి ఇవ్వాలి, తిండి ఆపాలి అనేది వాళ్ళ వైద్యంలో ఒక సూత్రం. మన పల్లెల్లో మరిడమ్మకి మొక్కుకున్న తల్లికీ, పట్నంలో డాక్టరు మాట విన్న తల్లికీ ఈ విషయంలో పెద్ద తేడా లేదు.

అలాగని నీళ్ళు పోవడం వల్లే మనిషి పోతాడన్న సంగతి ఎవరికీ తెలియదా అంటే, తెలుసు. 1831లో బ్రిటన్‌లో కలరా వచ్చినప్పుడు ఓషాగ్నెసీ అనే కుర్ర డాక్టరు రోగుల రక్తం పరీక్షించి, అందులో నీరూ ఉప్పూ తగ్గిపోయాయని తేల్చాడు. ఈయనే తర్వాత మన కలకత్తాకి వచ్చి పనిచేశాడు. మరుసటి ఏడు, 1832లో, స్కాట్లండ్‌లో థామస్ లట్టా అనే డాక్టరు ఉప్పునీటిని నేరుగా రక్తనాళంలోకి ఎక్కించాడు. మొదటి రోగి ఒక ముసలావిడ. చావు అంచున ఉన్నావిడ కళ్ళు తెరిచి మాట్లాడింది. సరే గండం గడిచింది కదా అని డాక్టరు వెళ్ళిపోయాడు. విరేచనాలు మళ్ళీ మొదలయ్యాయి, ఎక్కించేవాళ్ళు లేరు, కొన్ని గంటల్లో ఆవిడ పోయింది.

ఈ కథ చదివినప్పుడు నాకనిపించింది, ఈ జబ్బులో అసలు కిటుకంతా అక్కడే ఉందని. ఒకసారి పోసి వెళ్ళిపోతే చాలదు. పోయేకొద్దీ పోస్తూ, పక్కనే కూర్చోవాలి. అలా కూర్చునేది ఎవరు? ఏ దేశంలోనైనా తల్లే కదా. కానీ వైద్యశాస్త్రం ఆ తల్లి దగ్గరికి చేరడానికి ఇంకో నూట నలభై ఏళ్ళు పట్టింది.

మధ్యలో సెలైన్ బాగుపడింది. 1900ల మొదట్లో కలకత్తాలో లియోనార్డ్ రోజర్స్ అనే డాక్టరు చిక్కటి ఉప్పునీరు ఎక్కించి కలరా చావుల్ని సగానికి తగ్గించాడు. అయితే సెలైన్ కావాలంటే ఆస్పత్రి ఉండాలి, శుభ్రమైన సూదులుండాలి, నరం దొరకబుచ్చుకునే చెయ్యి ఉండాలి. వానాకాలంలో బండి కూడా కదలని ఊళ్ళో నాలుగేళ్ళ పిల్లకి అవన్నీ ఎక్కడివి?

నోటితో తాగించి బతికించవచ్చని రాసినవాళ్ళలో ముందువరసలో ఉన్నది కూడా మన దేశపు డాక్టరే. హేమేంద్రనాథ్ ఛటర్జీ అనే కలకత్తా వైద్యుడు 186 మంది కలరా రోగులకి, జబ్బు మరీ ముదరనివాళ్ళకి, ఉప్పూ గ్లూకోజూ కలిపిన నీళ్ళు తాగించి నయం చేశానని 1953లో లాన్సెట్ పత్రికలో రాశాడు. పోల్చి చూసుకోవడానికి మరో గుంపు లేకపోవడం వల్లా, అది ఎందుకు పనిచేస్తుందో అప్పటికి ఎవరూ చెప్పలేకపోవడం వల్లా, పెద్దల సభ ఆయన మాట పట్టించుకోలేదు.

ఎందుకు పనిచేస్తుందో 1960లో తెలిసింది. రాబర్ట్ క్రేన్ అనే అమెరికా శాస్త్రవేత్త ప్రాగ్ నగరంలో జరిగిన సభలో చెప్పాడు. నాకర్థమైనట్టు మన భాషలో చెప్తాను. మన పేగు గోడకి ఒక రకం తలుపులుంటాయి. ఉప్పు ఒక్కతే వెళ్తే ఆ తలుపు తెరుచుకోదు. పంచదారలో ఉండే గ్లూకోజు చెయ్యి పట్టుకుని వెళ్తే తెరుచుకుంటుంది. ఉప్పు లోపలికి వెళ్ళిందంటే నీళ్ళు దాని వెనకే వెళ్తాయి. విరేచనాలు ఎంత జోరుగా అవుతున్నా, కలరాలో కూడా, ఈ తలుపులు మాత్రం పనిచేస్తూనే ఉంటాయి. కాబట్టి పై నుంచి పోసింది మొత్తం కిందకి పోదు. అయితే రెండూ సరైన పాళ్ళలో ఉండాలి. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం, పంచదార మరీ ఎక్కువైతే ఒంట్లో నీటినే పేగుల్లోకి లాగేస్తుంది. 1962లో మనీలాలో ద్రావణం చిక్కబడి కొందరు రోగులు చనిపోయారు కూడా. దాంతో ఇంకొన్నాళ్ళు అందరూ భయపడి వెనక్కి తగ్గారు.

చివరికి 1968లో ఢాకా కలరా పరిశోధనశాలలో డేవిడ్ నాలిన్, రిచర్డ్ క్యాష్ అనే ఇద్దరు అమెరికా డాక్టర్లు దాన్ని నిలబెట్టారు. ఇద్దరికీ ముప్పై కూడా నిండలేదు. వాళ్ళతోపాటు రఫీకుల్ ఇస్లాం, మజీద్ మొల్లా అనే బెంగాలీ డాక్టర్లు పనిచేశారు. రోగికి ఎంత పోతోందో కొలిచి, అంత తాగించడం వాళ్ళ పద్ధతి. రాత్రీ పగలూ పక్కన కూర్చుని చేశారు. సెలైన్ అవసరం నూటికి ఎనభై వంతులు తగ్గిపోయింది. అదే సంవత్సరాల్లో కలకత్తాలో ఇంకో బృందం కూడా ఇదే తేల్చింది. ఆ బృందంలో దిలీప్ మహలనబిస్ అనే పిల్లల డాక్టరు ఉన్నాడు.

ఇక్కడ ఆగి ఒక మాట. తేలిందైతే తేలింది గానీ, అందరి నమ్మకం ఒకటే. ఇది ఆస్పత్రిలో, డాక్టరు కళ్ళెదుట, కొలతలతో చెయ్యాల్సిన పని. చదువురాని తల్లుల చేతికిస్తే పాళ్ళు తప్పిపోతాయి, పిల్లలు చచ్చిపోతారు. మనీలాలో జరిగింది తెలిసినవాళ్ళు అలా భయపడటంలో తప్పు లేదు. అయితే యుద్ధం వచ్చి ఆ భయం పెట్టుకునే వీలు లేకుండా చేసింది.

1971. తూర్పు పాకిస్తాన్ నుంచి కోటి మంది దాకా మన దేశంలోకి వచ్చారు. సరిహద్దులో బన్‌గావ్ అనే ఊరు. వానలు, బురద, దాంతోపాటే కలరా. జూన్ నెలాఖరులో మహలనబిస్ అక్కడికి వెళ్ళేసరికి ఆస్పత్రిలో రెండు గదుల నిండా రోగులు, మంచాల్లేవు, నేలమీదే పడి ఉన్నారు. సెలైన్ ఎక్కించాలంటే ఆ వాంతుల్లో, విరేచనాల్లో మోకాళ్ళ మీద కూర్చోవాలి. తర్వాత ఎన్నో ఏళ్ళకి కూడా ఆయన ఆ దృశ్యం చెప్పేవాడు. రెండురోజుల్లోనే అర్థమైంది, సెలైన్ సీసాలు సరిపోవు, ఎక్కించే చేతులు అసలే సరిపోవు.

అప్పుడాయన ఒక నిర్ణయం తీసుకున్నాడు. కలకత్తాలో తమ పరిశోధనశాల గ్రంథాలయం గదిలో పొట్లాలు కట్టించాడు. లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, మూడున్నర గ్రాముల మామూలు ఉప్పు, రెండున్నర గ్రాముల వంట సోడా. ప్లాస్టిక్ సంచుల్లో పోసి, వేడి ఇనుముతో మూతి అంటించి బన్‌గావ్‌కి పంపించారు. అక్కడ పెద్ద డ్రమ్ముల్లో కలిపి కింద కుళాయి పెట్టారు. రోగుల వెంట వచ్చిన తల్లులు, అక్కచెల్లెళ్ళు, భర్తలు గ్లాసుల్తో, మగ్గులతో పట్టుకెళ్ళి తాగించారు. లీటరుకి పదకొండు పైసలు పడింది.

జనం మొదట నమ్మలేదు. సూదీ సీసా లేకుండా వైద్యమేమిటి అన్నారు. అందుకని దానికి "నోటితో తాగే సెలైన్" అని పేరు చెప్పారట! ఇది చదివి నేను నవ్వుకున్నాను. మన దగ్గర ఇప్పటికీ అంతేగా? నీరసంగా ఉందంటే "ఒక బాటిల్ ఎక్కించండి డాక్టరుగారూ" అని మనమే అడుగుతాం.

ఎనిమిది వారాల్లో వాళ్ళు చూసిన రోగులు 3,703 మంది. చనిపోయినవాళ్ళు 135 మంది. అంటే నూటికి నలుగురి కన్నా తక్కువ. అంతకు ముందు నూటికి ముప్పైమంది పోతున్నారు. దీన్ని రాసి పంపిస్తే పత్రికలు వెంటనే వేసుకోలేదు. 1973లో గానీ అచ్చు కాలేదు. అచ్చయ్యాక ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ ఆ పొట్లాన్ని చేపట్టాయి. 1978లో లాన్సెట్ పత్రిక, ఈ శతాబ్దపు వైద్యంలో ఇదే అన్నిటికన్నా ముఖ్యమైన ముందడుగు కావచ్చునని రాసింది. మహలనబిస్ 2022 అక్టోబరులో కలకత్తాలోనే పోయారు. మరుసటి ఏడు పద్మవిభూషణ్ ఇచ్చారు. బతికుండగా వీధిలో ఎంతమంది ఆయన్ని గుర్తుపట్టేవారో మరి.

బన్‌గావ్‌లో తాగించిన చేతులు ఇంటివాళ్ళవే అయినా, కలిపిన చేతులు మాత్రం ఆస్పత్రివాళ్ళవి. ఇంట్లో, తల్లే కలపడం అనే ఘట్టం ఇంకా మిగిలింది. అది బంగ్లాదేశ్‌లో జరిగింది. ఈ మొత్తం చరిత్రలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే.

అక్కడ ఫజలే హసన్ అబేద్ స్థాపించిన బ్రాక్ అనే సంస్థ ఉంది. పల్లెటూళ్ళకి పాకెట్లు అందవు, కొనడానికి డబ్బుండదు. మరేముంటుంది ఇంట్లో? ఉప్పుంటుంది, బెల్లముంటుంది, నీళ్ళుంటాయి. తక్కెడ లేకపోతే చెయ్యి ఉంది. మూడువేళ్ళ చిటికెడు ఉప్పు, ఒక గుప్పెడు బెల్లం, అర సేరు నీళ్ళు. ఇదీ వాళ్ళ వంటకం. మన అమ్మలు పప్పులో ఉప్పు వేసే కొలతే కదండీ! 1980లో మొదలుపెట్టి పదేళ్ళపాటు బ్రాక్ ఆడకార్యకర్తలు గుమ్మం గుమ్మం తొక్కారు. పెద్దగా చదువుకోని పల్లెటూరి ఆడవాళ్ళే వాళ్ళు. తల్లిని కూర్చోబెట్టి, ఆమె చేతనే కలిపించి, గుర్తుంచుకోవాల్సిన నాలుగు మాటలు చెప్పి, తిరిగి ఆమె చేత చెప్పించేవారు.

వాళ్ళకి జీతం ఎలా ఇచ్చారో తెలుసా? ఎన్ని ఇళ్ళు తిరిగారన్నది కాదు లెక్క. నెలపోయాక వేరేవాళ్ళు వెళ్ళి కొందరు తల్లుల్ని అడిగేవారు. తల్లికి ఎంత గుర్తుంటే, నేర్పినావిడకి అంత డబ్బు. తల్లి కలిపిన నీళ్ళని సీసాలో పట్టి తెచ్చి ఉప్పు సరిగ్గా ఉందో లేదో పరీక్ష కూడా చేసేవారు. దాదాపుగా సరిగ్గానే ఉండేది. పాళ్ళు తప్పుతాయని పెద్ద డాక్టర్లు ఎవరి చేతుల గురించి భయపడ్డారో, ఆ చేతులే నెగ్గాయి.

అయినా మొదట్లో ఒక చిక్కొచ్చింది. తల్లులకి పాఠం వచ్చు, కానీ పిల్లకి విరేచనాలైనప్పుడు వాడరు. ఎందుకని ఆరా తీస్తే, నేర్పే ఆడవాళ్ళలోనే కొందరికి దానిమీద నమ్మకం లేదని తేలింది. వాళ్ళని ఢాకా పరిశోధనశాలకి తీసుకెళ్ళి, ఉప్పూ తీపీ పేగులో ఏం చేస్తాయో చూపించి చెప్పారు. ఇంకో కారణం మగవాళ్ళు. ఇంట్లో ఏ మందు వాడాలో తేల్చేది వాళ్ళే, వాళ్ళకి మాత్రం ఎవరూ చెప్పలేదు. అప్పుడు సంతల్లో, మసీదుల దగ్గర మగవాళ్ళని కూడా కూర్చోబెట్టి చెప్పడం మొదలుపెట్టారు. ఆ తర్వాత వాడకం పెరిగింది. పదేళ్ళలో కోటీ ఇరవై లక్షలకు పైగా ఇళ్ళకి వెళ్ళారు. ఇప్పుడు విరేచనాలైతే పిల్లలకి ఓఆర్ఎస్ తాగించడంలో ముందున్న దేశాల్లో బంగ్లాదేశ్ ఒకటి.

1980 ప్రాంతంలో ప్రపంచంలో ఏటా 45 లక్షలకు పైగా అయిదేళ్ళలోపు పిల్లలు విరేచనాలతో పోయేవారని అంచనా. ఇప్పుడది నాలుగున్నర లక్షల లోపు. అంతా ఓఆర్ఎస్ చలవే అనను. మంచినీళ్ళు, మరుగుదొడ్లు, తట్టు టీకా, తిండి, అన్నీ కలిశాయి. 1990ల్లో ఢిల్లీలో జరిగిన పరిశోధనల వల్ల జింకు ఇస్తే విరేచనాలు తొందరగా తగ్గుతాయని తెలిసింది. 2004 నుంచి ఓఆర్ఎస్‌తోపాటు పది పద్నాలుగు రోజులు జింకు ఇమ్మంటున్నారు. రోటావైరస్ టీకా వచ్చింది. ఢిల్లీ ఎయిమ్స్‌లో డాక్టరు ఎం.కె. భాన్ బృందం అప్పుడే పుట్టిన పిల్లల్లో గుర్తించిన వైరస్ నుంచి ఆ చుక్కల మందు మన హైదరాబాదులోనే తయారైంది. 2016లో ప్రభుత్వం ఆ టీకా మొదలుపెట్టిన మొదటి నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. మా మనవడికి ఆరు, పది, పద్నాలుగు వారాలప్పుడు వేసిన చుక్కలు అవే. టీకా వేసినా విరేచనాలు రావని కాదు, ప్రాణం మీదకి తెచ్చేంత రావడం తగ్గుతుంది.

మరి మన సంగతేమిటి? బన్‌గావ్ మన దేశంలోదే, మహలనబిస్ మనవాడే. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం విరేచనాలైన పిల్లల్లో నూటికి 61 మందికే ఓఆర్ఎస్ అందింది. మిగతా 39 మంది?

దీని మీద కర్ణాటక, బీహార్లలో 253 ఊళ్ళలో ఒక పెద్ద పరిశోధన జరిగింది. 2024లో సైన్స్ పత్రికలో వచ్చింది. పిల్లాడికి విరేచనాలవుతున్నాయని చెప్పే మనుషుల్ని తయారుచేసి రెండువేలకు పైగా ప్రైవేటు వైద్యుల దగ్గరికి పంపించారు. ఓఆర్ఎస్ రాయకపోవడానికి కారణం మందుల మీద లాభమా, సరుకు లేకపోవడమా అని చూస్తే, రెండూ పెద్ద కారణాలు కాదు. అన్నిటికన్నా పెద్ద కారణం, దాదాపు 42 శాతం, ఏమిటంటే పిల్లాడిని తెచ్చినవాళ్ళకి ఓఆర్ఎస్ ఇష్టముండదని వైద్యులు అనుకోవడం! మాకు ఓఆర్ఎస్ కావాలని అడిగిన చోట రాసేవాళ్ళు బాగా పెరిగారు.

అంటే ఏమిటన్నమాట? ఒకప్పుడు తల్లుల చేతుల మీద నమ్మకం లేక ఆగిపోయింది. ఇప్పుడు తల్లులు దీన్ని చిన్నచూపు చూస్తారని అనుకుని ఆగిపోతోంది. అడిగితే చాలు. డాక్టరు యాంటీబయాటిక్ సిరప్ రాస్తుంటే, "ఓఆర్ఎస్, జింకు రాయండి డాక్టరుగారూ" అని నోరు తెరిచి అడగండి.

అడగడమే కాదు, చూసి కొనండి. ఓఆర్ఎస్ అని అట్టమీద రాసుకుని తియ్యటి పానీయాలు ఎన్నో ఏళ్ళు మందుల షాపుల్లో అమ్మారు. పంచదార ఎక్కువ ఉన్న నీళ్ళు పేగుల్లో ఏం చేస్తాయో పైన చెప్పాను కదా. హైదరాబాదులో పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఎనిమిదేళ్ళు దీని మీద పోరాడితే, 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఆ పానీయాల మీద ఓఆర్ఎస్ అనే పేరు వాడకూడదని చెప్పింది. పాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చూడండి. లీటరు పాకెట్ మొత్తం లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఒకేసారి కలపండి. సగం ఇప్పుడు, సగం రేపు అని గ్లాసులో ఉజ్జాయింపుగా కలపొద్దు. అర్ధరాత్రి పాకెట్ దొరక్కపోతే, లీటరు నీటికి ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు, రెండూ తలకొట్టి కొలవండి. తెల్లారాక పాకెట్ తెచ్చుకోండి. ఇరవై నాలుగు గంటలు దాటితే పారబోసి కొత్తది కలపండి. పిల్ల మరీ మగతగా ఉన్నా, కళ్ళు లోతుకి పోయినా, నడినెత్తి గుంటపడినా, ఒంటేలు ఆగిపోయినా, విరేచనంలో రక్తం పడినా, తాగింది తాగినట్టు కక్కేస్తున్నా ఇంట్లో కూర్చోవద్దు, ఆస్పత్రికి పరిగెత్తండి. దారిలో కూడా తాగించగలిగితే చెంచాతో పడుతూనే వెళ్ళండి.

వియ్యపురాలి మీద నాకేమీ కోపం లేదు. ఆవిడ చిన్నప్పుడు విన్నదే ఆవిడ చెప్పింది. మొన్న వెళ్ళినప్పుడు ఇద్దరం కూర్చుని పేగు తలుపుల కథ చెప్పుకున్నాం. "మా చెల్లెలు అలాగే పోయింది వదినగారూ" అంది. నాకు అప్పటిదాకా తెలియదు. ఇలాంటి పిల్ల ఒకరు లేని పాత కుటుంబం ఉంటుందా అనిపించింది.

ఇక నాయనమ్మకి జవాబు.

నీళ్ళిస్తే బతికేదా అంటే, చెప్పలేను నాయనమ్మా. ఉత్తి నీళ్ళు చాలవు. ఉప్పూ తీపీ ఏ పాళ్ళలో కలపాలో ఆ రోజుల్లో లండన్‌లో ఉన్న డాక్టరుకి కూడా తెలియదు. నీ కూతురు పోయిన పాతికేళ్ళకి గానీ ఆ లెక్క తేలలేదు. తేలాక కూడా అమ్మల చేతికివ్వడానికి ఇంకో పదేళ్ళు భయపడ్డారు. నువ్వు ఇవ్వకపోవడం నీ తప్పు కాదు. ఆ తర్వాత మా అందరికీ దొంగతనంగా ఉప్పు గంజి తాగించావు చూడు, అది నీకు ఎవరూ నేర్పలేదు. గంజితో చేసిన ఓఆర్ఎస్ కలరాలో బాగా పనిచేస్తుందని చాలా ఏళ్ళ తర్వాత పరిశోధకులు తేల్చారు. నీకు చెప్పేవాళ్ళు లేకపోయారు.

నేను "ఇవ్వాల్సింది" అనకుండా ఉండాల్సింది.

మా అమ్మాయి వచ్చే నెల బాబుని తీసుకుని వస్తోంది. వాడి మంచం పక్కన పెట్టడానికి అటక మీంచి నాయనమ్మ చెంబు దింపి తోముతున్నాను. మూత కొంచెం సొట్టపోయింది గానీ, బాగానే పడుతోంది.